సింగపూర్ నుంచి రెండు గంటల్లో వచ్చే విమానం ఎక్కడుందో చెప్పండి ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది గుంటూరు అండి, అరండల్‌పేటలో చిన్న టికెట్ల షాపు. రైలు, బస్సు, విమానం అన్నీ చేస్తాం, పక్కనే జిరాక్స్ మిషన్ కూడా ఉంది, నిజం చెప్పాలంటే షాపు అద్దె ఆ జిరాక్స్ మీదే వెళ్తుంది. మీ పేపర్ మా నాన్న కూర్చున్న రోజుల నుంచి షాపుకి వేయించుకుంటున్నాం, ఆ చనువుతోనే రాస్తున్నా, ఎక్కడన్నా మాట కాస్త గట్టిగా పడితే ఏమీ అనుకోవద్దు.

మొన్న ఆదివారం మీరు సెలవుల్లో ఫారిన్ వెళ్ళేవాళ్ళ కోసం అని ఒక పేజీ వేశారు కదా, అందులో కుడి పక్కన హైదరాబాద్–సింగపూర్ అని ఒక బాక్స్ ఉంది. దూరం 2,856 కిలోమీటర్లు, వెళ్ళడానికి 7 గంటలు, తిరిగి రావడానికి 2 గంటల 10 నిమిషాలు అని వేసి, కింద సన్న అక్షరాల్లో గాలివాటం వల్ల తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది అని కూడా రాశారు. చదవగానే నవ్వొచ్చింది, సర్లే ఎవరు చూస్తార్లే అనుకుని పేపర్ మడిచి పక్కన పెట్టేశా.

సోమవారం పొద్దున షట్టర్ సగం ఎత్తానో లేదో తెనాలి పక్క నుంచి మా పాత కస్టమర్ ఒక పెద్దాయన దిగాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను ఒరే అబ్బాయ్ అంటాడు. వాళ్ళ అమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది, డెలివరీకి పిన్నిని తీసుకుని వెళ్ళాలి, టికెట్లు చూసి పెట్టమని నాలుగు రోజుల కిందటే చెప్పి వెళ్ళాడు, నేను కూడా రానూపోనూ చూసి ఉంచా. ఆయన కూర్చోకుండానే చొక్కా జేబులోంచి బస్సు టికెట్‌తో పాటు నాలుగు మడతలు పెట్టిన మీ పేపర్ ముక్క తీసి కౌంటర్ మీద పరిచి, మీ బాక్స్ మీద వేలు పెట్టి అడిగాడు: "వచ్చేదానికి రెండు గంటలంట, మరి పొయ్యేదానికి ఏడు గంటల బండి అంటగడతన్నావేందిరా నాకు? ఆ రెండు గంటల బండే రెండు పక్కలా చూడు, ఓ వెయ్యి ఎక్కువైనా ఇస్తా."

ఇంక నవ్వు రాలేదండి.

ఆ బాక్స్ రాసినవాళ్ళు ఏం చేసి ఉంటారో నాకు అర్థమైంది, ఎందుకంటే మా షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది చేసేది అదే. టికెట్ మీద హైదరాబాద్‌లో రాత్రి 11 గంటలకి బయల్దేరి సింగపూర్‌లో పొద్దున 6 గంటలకి దిగుతుంది అని ఉంటుంది, తీసేస్తే ఏడు. తిరుగు టికెట్ మీద సింగపూర్‌లో రాత్రి 8కి లేచి హైదరాబాద్‌లో రాత్రి 10.10కి దిగుతుంది, తీసేస్తే రెండు గంటల పది నిమిషాలు. తీసివేత కరెక్టే, కాకపోతే టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు, బయల్దేరేది మన గడియారం, దిగేది వాళ్ళ గడియారం. మనది జీఎంటీకి, అంటే అన్ని దేశాల గడియారాలకీ కొలతగా పెట్టుకున్న గ్రీనిచ్ టైముకి, అయిదున్నర గంటలు ముందు, వాళ్ళది ఎనిమిది గంటలు ముందు, అంటే మన కంటే వాళ్ళు ఎప్పుడూ రెండున్నర గంటలు ముందుంటారు. పోయేటప్పుడు వచ్చిన ఏడులోంచి ఆ రెండున్నర తీసెయ్యండి, నాలుగున్నర. వచ్చేటప్పుడు వచ్చిన రెండూ పదికి రెండున్నర కలపండి, నాలుగు గంటల నలభై నిమిషాలు. రెండు పక్కలా ఇంచుమించు ఒకటే, పది నిమిషాల తేడా.

ఇదే బాబాయ్‌కి చెప్పా. నోటితో చెప్తే ఎక్కలేదు. మా షాపులో జిరాక్స్ కాయితాల కట్టల మీద పాత అలారం గడియారం ఒకటి ఉంటుంది, దాన్ని తీసి గోడ గడియారం కంటే రెండున్నర గంటలు ముందుకి తిప్పి కౌంటర్‌కి ఆ చివర పెట్టా, ఇది మీ అమ్మాయి ఇల్లు బాబాయ్ అన్నా. ఆయన చేతి వాచీ ఇప్పించుకుని ఈ చివర పెట్టి ఇది మన షాపు అన్నా. రెండింటి మధ్య పెన్ను మూత విమానం లాగా జరుపుతూ, ఇక్కడ ఎక్కావు పదకొండు, అక్కడ దిగేసరికి నీ వాచీలో మూడున్నర, ఆ గడియారంలో ఆరు, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నది మాత్రం నాలుగున్నర గంటలే అని చూపించా. ఆయన రెండు గడియారాలనీ మార్చి మార్చి చూసి, తల ఊపి, అంతా అయ్యాక అన్న మాట ఏంటంటే: "నువ్వు చెప్పేది బానే ఉంది గానీ, అచ్చులో పడిందిగా."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

గాలివాటం సంగతి కూడా చెప్పాలి. గాలి వల్ల టైము మారదని నేను అనట్లేదు, మారుతుంది, బాగానే మారుతుంది, కానీ అది ఈ రూటు కాదు. ఢిల్లీ నుంచి టోక్యో చూడండి, 5,900 కిలోమీటర్లు ఉంటుంది, పోయేటప్పుడు ఏడున్నర ఎనిమిది గంటల్లో పోతుంది, వచ్చేటప్పుడు తొమ్మిది దాటుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. అక్కడ పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని గాలి నది లాగా పారుతుంటుంది, ఒక్కోసారి గంటకి రెండొందల కిలోమీటర్ల పైన, పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. మన హైదరాబాద్ నుంచి సింగపూర్ దారి భూమధ్యరేఖ వైపుకి దిగే దారి, ఇక్కడ అంత జోరు గాలి ఉండదు, వానాకాలంలో అయితే దక్షిణాది మీద పై ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకే వీస్తుంది. తేడా వస్తే నిమిషాల్లో వస్తుంది. గంటల్లో రాదు. అసలు మీరే ఒక్క భాగారం చేసి ఉంటే సరిపోయేది, 3,300 కిలోమీటర్లు రెండు గంటల పది నిమిషాల్లో రావాలంటే గంటకి 1,500 పైన పోవాలి. మనం ఎక్కే విమానాలు పోయేది ఎనిమిదొందల యాభై, తొమ్మిదొందలు. 1,500 అంటే శబ్దం కంటే వేగం, అంత వేగంతో జనాన్ని మోసిన కాంకార్డ్‌ని 2003లోనే ఆపేశారు, అది మా బాబాయ్ కోసం శంషాబాద్‌లో దిగదు కదా.

3,300 అన్నాను, మీరు 2,856 వేశారు, అది ఎలా వచ్చిందో కూడా కాయితం మీద వేసి చూశా. ఇది కాస్త లెక్కల గోల, ఓపిక ఉంటే చదవండి. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని భూమి నడిబొడ్డు నుంచి చూసే కోణంలో కొలుస్తారు, శంషాబాద్‌కీ చాంగీ ఎయిర్‌పోర్టుకీ మధ్య 29.7 డిగ్రీలకి కాస్త పైన వస్తుంది. ఒక్కో డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ళు, ఓడలవాళ్ళూ పైలట్లూ వాడే మైలు ఇదే, అంటే 1,785 నాటికల్ మైళ్ళు వేసుకోండి. ఈ మైలు మన రోడ్డు మీద మైలు కాదు, ఇది 1.852 కిలోమీటర్లు, పెంచితే 3,306. మీవాళ్ళు ఎక్కడో 1,785 మైళ్ళు అని చూసి, మైలంటే 1.6 కిలోమీటర్లే కదా అని పెంచేశారు, సరిగ్గా 2,856 వచ్చింది. నాలుగొందల యాభై కిలోమీటర్లు మాయం. గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళి సగం దూరం వెనక్కి వచ్చినంత దూరం అండి అది.

ఇంకొకటి, విమానం టైము అంటే గాల్లో ఉన్న టైము ఒక్కటే అనుకుంటారు చాలామంది. 3,300ని గంటకి 850తో భాగిస్తే నాలుగు గంటలు కూడా రాదు, మరి నాలుగున్నర ఎందుకు వేస్తారు అని ఒక ఇంజనీరింగ్ కుర్రాడు నన్నే నిలదీశాడు. కంపెనీ వేసేది నిలబెట్టిన చోట కదిలిన దగ్గర నుంచి అక్కడ నిలబడేదాకా. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, ముందు నాలుగు విమానాలుంటే ఆగడం, పైకి ఎక్కేటప్పుడు దిగేటప్పుడు నిదానం, దిగాక గేటు దొరికేదాకా తిరగడం, ఇవన్నీ అందులోనే. బస్సు కూడా అంతే కదా, హైవే మీద ఎనభైలో పోయినా ఊళ్ళోంచి బయటపడేసరికి అరగంట.

ఇదంతా చదివి పోనీలే ఒక చిన్న పొరపాటు, దీనికి ఇంత ఉత్తరమా అనుకుంటారేమో. మా పిన్నికి షుగర్ ఉంది. వచ్చేటప్పుడు రెండు గంటలే కదా, ఇంటికొచ్చి తినొచ్చులే అని ఆవిడ ఎక్కిందనుకోండి, మధ్యలో నాలుగు గంటల నలభై నిమిషాలు, దానికి ముందు ఎయిర్‌పోర్టులో మూడు గంటలు, తక్కువ రేటు విమానాల్లో భోజనం మనమే కొనుక్కోవాలి, ఆవిడ కొనదు, నీళ్ళ బాటిలుకే డబ్బులా అనే మనిషి. మాత్ర ఏ టైముకి వేసుకోవాలి అని నన్ను అడిగితే నేనెవర్ని చెప్పడానికి, ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఇన్ని గంటలు అని కాయితం మీద రాసిస్తా, డాక్టర్‌కి చూపించి అడగండి అంటా. ఆ కాయితం మీద గంటలు కరెక్ట్‌గా ఉండాలా వద్దా?

అన్నట్టు టైము విషయంలో నేనేమీ పులు కడిగిన ముత్యాన్ని కాదు. పదేళ్ళ కిందట ఒక కుటుంబానికి 15వ తారీఖు 00.40కి విమానం చేసిచ్చా. వాళ్ళు 15వ తారీఖు రాత్రి శుభ్రంగా భోంచేసి బయల్దేరి వెళ్ళారు. 15న 00.40 అంటే 14వ తారీఖు రాత్రి నిద్రపోయే వేళ, వాళ్ళు ఎయిర్‌పోర్టు చేరేసరికి ఆ విమానం వెళ్ళి దాదాపు ఒక రోజు అయింది. టికెట్ మీద కరెక్ట్‌గానే ఉంది, నేను నోటితో చెప్పలేదు అంతే. అర్ధరాత్రి దాటాక వాళ్ళ నుంచి ఫోను వస్తే నా గుండె జారిపోయింది, కొత్త టికెట్లకి సగం డబ్బులు నేనే వేసుకున్నా. అప్పటి నుంచి అర్ధరాత్రి విమానం ఏదైనా సరే టికెట్ మీద ఎర్ర పెన్నుతో "14 సాయంత్రం ఇంట్లోంచి కదలాలి" అని రాసి సంతకం కూడా పెట్టిస్తున్నా. కాబట్టి తప్పు జరగడం నాకు తెలుసు, జరిగాక ఒప్పుకోకపోతే ఎంత ఖరీదో కూడా తెలుసు.

మీ బాక్స్‌లో అసలు లేనిది ఇంకోటి ఉంది, మా వైపు వాళ్ళకి అదే పెద్దది. రాత్రి 11 విమానం అంటే రెండు మూడు గంటల ముందు అక్కడుండాలి, గంట ముందు కౌంటర్ మూసేస్తారు, ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. గుంటూరులో మధ్యాహ్నం రెండింటికి కారెక్కాలి. పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కెట్‌పల్లి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్, మధ్యలో ఒక టీ, ఎనిమిదింటికి చేరతారు. సింగపూర్‌లో దిగి ఇమిగ్రేషన్ అయి, బెల్టు మీద ఆవకాయ జాడీ ఉన్న పెట్టె వచ్చి, అమ్మాయి ఇల్లు చేరేసరికి మన లెక్కలో తెల్లారి అయిదు. పదిహేను గంటలు. అందులో విమానం నాలుగున్నరే. దీన్ని మీరు ఏడు అని వేస్తే ఎట్లా చూసినా తప్పే, గాల్లో లెక్కకి ఎక్కువ, ఇంటి లెక్కకి తక్కువ.

తమాషా ఏంటంటే, నిన్న రాత్రి కంప్యూటర్లో మ్యాప్ మీద శంషాబాద్ నుంచి చాంగీకి దగ్గరి దారి గీత గీసి చూశా. ఆ గీత ఎక్కడి నుంచి పోతుందనుకున్నారు? తిన్నగా గుంటూరుకి కాస్త దక్షిణంగా వచ్చి, పొన్నూరు మీదుగా, నిజాంపట్నం వైపు సముద్రంలోకి దిగి, నికోబార్ దీవుల పక్క నుంచి పోతుంది. విమానాలు కంట్రోల్ వాళ్ళు చెప్పిన దారిలో పోతాయి కాబట్టి గీత మీదే పోతాయని కాదు గానీ, మా బాబాయ్ ఆరు గంటలు కారులో పడమరకి పోయి, విమానం ఎక్కి, మళ్ళీ ఇంచుమించు వాళ్ళ పొలం మీద నుంచే సింగపూర్ పోతాడన్నమాట. అదే గన్నవరం నుంచి అయితే 3,050 కిలోమీటర్లే, రెండొందల యాభై తక్కువ, గుంటూరు నుంచి గన్నవరం యాభై అరవై కిలోమీటర్ల లోపే. గన్నవరం నుంచి సింగపూర్‌కి 2018 డిసెంబర్‌లో డైరెక్ట్ మొదలుపెట్టారు, 2019లో ఆగిపోయింది, మళ్ళీ 2025 నవంబర్‌లో మొదలైంది, రోజూ కాదు, వారంలో కొన్ని రోజులే. బాబాయ్‌కి కావాల్సిన రోజు కుదరట్లేదు, కుదిరేలా ఒక రోజు అటో ఇటో జరుపుకోమంటే పిన్ని ముహూర్తం పెట్టుకుని కూర్చుంది, అది వాళ్ళిద్దరి గొడవ. విజయవాడ ఎడిషన్‌లో వేసే బాక్స్‌లో గన్నవరం పేరే లేకపోవడం మాత్రం మీ గొడవ.

సింగపూర్ గడియారం గురించి ఒక ముక్క చెప్పి ఆపుతా, ఇది మా అమ్మాయి అడిగితే వెతికి తెలుసుకున్నా. మన టైముకి కొలత కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం గీత. సింగపూర్ ఉండేది దాదాపు 103.8 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున వేస్తే సూర్యుడి లెక్కన మనకీ వాళ్ళకీ గంటా ఇరవై అయిదు నిమిషాలే తేడా రావాలి. వాళ్ళు రెండున్నర పెట్టుకున్నారు. 1981 దాకా రెండు గంటలే ఉండేది, 1982 జనవరి 1 నుంచి మలేసియాతో పాటు గడియారం ఇంకో అరగంట ముందుకి తిప్పేసుకున్నారు. అందుకే అక్కడ ఏడింటికి గానీ తెల్లారదు. బాబాయ్ పొద్దున్నే ఆరింటికి దిగి ఇంకా చీకటిగా ఉందేందిరా, అర్ధరాత్రి దింపాడా అని నాకే ఫోను చేస్తాడు, మన దగ్గర మూడున్నర అవుతుంటుంది, ఎత్తి మాట్లాడతా, ఏం చేస్తాం.

మీరు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఆ బాక్స్ వేసిన చోటే, అదే సైజులో, హైదరాబాద్–సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు, ఎటు వెళ్ళినా నాలుగున్నర గంటలు కాస్త అటూ ఇటూ, టికెట్ మీద కనిపించేది ఏ ఊరికి ఆ ఊరి టైము, వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు ముందు అని వేస్తే చాలు. మూలన ఎక్కడో పెళ్ళిసంబంధాల ప్రకటనల కింద సవరణ అని వేస్తే బాబాయ్‌కి కనపడదు, ఆయన కళ్ళజోడు పెట్టుకోడు.

త్వరగా వెయ్యండి, ఎందుకంటే ఆయన ఇంకా టికెట్ చెయ్యనివ్వలేదు. సోమవారం చూసిన రేటుకి ఇవాళ్టికి మనిషికి ఎనిమిదొందలు పెరిగింది, ఫోను చేసి చెప్తే, ఆదివారం పేపర్ చూసి చెప్తాలేరా అన్నాడు. పేపర్ ముక్క నా కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళాడు, అలారం గడియారం కింద పెట్టా, దాని టైము ఇంకా వెనక్కి తిప్పలేదు.

ఇట్లు,
టికెట్ల షాపు అతను,
అరండల్‌పేట, గుంటూరు